విదేశాల్లో స్థిరపడిన బ్రిటిష్ వలసదారుల జాతీయ అస్తిత్వ భావన

నిర్వచనం, పరిధి

బ్రిటన్‌లో పుట్టి పెరిగి, ఇల్లు, ఉపాధి, కుటుంబం మరో దేశంలో ఏర్పరచుకున్నవారు తమను ఏ దేశస్థులుగా భావించుకుంటారన్నది ఈ వ్యాసాంశం. ఇందులో మూడు విషయాలు కలిసి ఉంటాయి: చట్టం ఇచ్చే పౌరసత్వం, మనసులోని సొంతదనం, చుట్టూ ఉన్న సమాజం పెట్టే పేరు. ఈ మూడూ పొసగినంతకాలం వలసదారు తన జాతీయత గురించి ఆలోచించవలసిన అవసరం పెద్దగా రాదు. వాటి మధ్య ఎడం ఏర్పడినప్పుడే అది ప్రశ్న అవుతుంది. బ్రిటిష్ వలసల విషయంలో ఆ ఎడం ఎక్కువగా చట్టాల మార్పుతో వచ్చింది. 1870, 1949, 1984, 2020 సంవత్సరాలు ఈ చరిత్రలో మలుపులు కావడానికి కారణం అదే.

లండన్‌లోని ఐపీపీఆర్ అనే పరిశోధన సంస్థ 2006లో వేసిన అంచనా ప్రకారం బ్రిటన్ వెలుపల స్థిరంగా ఉంటున్న బ్రిటిష్ జాతీయులు సుమారు 55 లక్షలు. వారిలో అందరికంటే ఎక్కువమంది ఆస్ట్రేలియాలో ఉన్నారు. స్పెయిన్, అమెరికా, కెనడా తర్వాతి స్థానాల్లో ఉన్నాయి.

పదజాలం

‘బ్రిటిష్’ అనే మాటలో ఇంగ్లిష్, స్కాటిష్, వెల్ష్ అస్తిత్వాలు ఇమిడి ఉన్నాయి. ఉత్తర ఐర్లండ్ ప్రజల్లో కొందరు తమను బ్రిటిష్‌వారిగా, కొందరు ఐరిష్‌వారిగా, ఇంకొందరు రెండింటికీ చెందినవారిగా చెప్పుకుంటారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ రాజ్యాలు 1707లో ఏకమైన తర్వాతే ఉమ్మడి బ్రిటిష్ భావన బలపడిందని చరిత్రకారిణి లిండా కాలీ 1992లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించారు. ప్రొటెస్టెంట్ మతం, ఫ్రాన్స్‌తో యుద్ధాలు, సామ్రాజ్య ప్రయోజనాలు ఆ భావనకు పునాదులని ఆమె వాదం. స్వదేశంలో తనను స్కాట్‌గా మాత్రమే చెప్పుకున్న వ్యక్తి విదేశంలో బ్రిటిష్‌వాడిగా గుర్తింపు పొందడం, బ్రిటిష్‌వాడినని వెళ్లిన వ్యక్తి అక్కడ తన వెల్ష్ మూలాలను గట్టిగా పట్టుకోవడం, రెండూ జరుగుతాయి.

వలస వెళ్లిన బ్రిటిష్‌వారు తమను తరచుగా ‘ఎక్స్‌పాట్’లుగా పిలుచుకుంటారు. బ్రిటన్‌కు వచ్చినవారిని మాత్రం ‘ఇమిగ్రెంట్లు’ అనడం వాడుకలో ఉంది. ఒకే రకమైన ప్రయాణానికి రెండు పేర్లు ఉండటంలో జాతి, వర్గ భేదాలు దాగి ఉన్నాయని పరిశోధకులు విమర్శిస్తారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో బ్రిటిష్‌వారిని, ముఖ్యంగా ఇంగ్లిష్‌వారిని, ‘పామ్’ అంటారు. సందర్భాన్ని బట్టి అది చనువుగానూ, ఎత్తిపొడుపుగానూ వినిపిస్తుంది.

చారిత్రక వికాసం

1. విడదీయరాని రాజభక్తి (1870కి ముందు)

పుట్టుకతో బ్రిటిష్ ప్రజ అయినవాడు ఎక్కడ ఉన్నా జీవితాంతం రాజుకు విధేయుడేనన్నది ఇంగ్లండ్ సంప్రదాయ న్యాయసూత్రం. దీని ప్రకారం అమెరికా పౌరసత్వం తీసుకున్న నావికుడు కూడా బ్రిటిష్ ప్రజగానే లెక్కకు వస్తాడు. అటువంటివారిని అమెరికా ఓడలపై నుంచి పట్టుకొని బ్రిటిష్ నౌకాదళంలో బలవంతంగా చేర్చుకోవడం 1812లో రెండు దేశాల మధ్య యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటి. 1870 నాటి చట్టం ఈ సూత్రాన్ని వదిలిపెట్టింది. అప్పటినుంచి మరో దేశ పౌరసత్వం స్వీకరించిన వ్యక్తి బ్రిటిష్ జాతీయతను కోల్పోయేవాడు.

2. సామ్రాజ్యమే ఇల్లు (1870–1948)

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలకు వెళ్లినవారు చట్టం దృష్టిలో పరాయి దేశం వెళ్లినట్టు కాదు. అందరిదీ ‘బ్రిటిష్ ప్రజ’ అన్న ఒకే హోదా. బ్రిటిష్ రాజకీయవేత్త చార్లెస్ డిల్క్ 1868లో తన పుస్తకానికి ‘గ్రేటర్ బ్రిటన్’ అని పేరు పెట్టారు. చరిత్రకారుడు జె.ఆర్. సీలీ 1883లో వలస దేశాలను ఇంగ్లండ్ విస్తరణగా వర్ణించారు. గ్లాస్గోలో పుట్టి కెనడా తొలి ప్రధాని అయిన జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ 1891 ఎన్నికల్లో తాను బ్రిటిష్ ప్రజగా పుట్టానని, అలాగే మరణిస్తానని ప్రకటించారు. ఆ మాటలో తాను కెనడియన్ కాదన్న అర్థం లేదు. రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిన హోదాలన్నది ఆనాటి అవగాహన.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఎన్నడూ బ్రిటన్ చూడనివారు కూడా దాన్ని ‘హోమ్’ అనేవారు. 1932లో బీబీసీ సామ్రాజ్య ప్రసారాలు ప్రారంభం కావడం, అదే ఏడాది ఐదవ జార్జ్ తొలి క్రిస్మస్ ప్రసంగం రేడియోలో వినిపించడం ఈ బంధానికి కొత్త సాధనాలు అయ్యాయి.

3. పౌరసత్వాల విభజన (1947–1984)

కెనడా తన సొంత పౌరసత్వ చట్టాన్ని 1947 జనవరి 1న అమల్లోకి తెచ్చింది. బ్రిటన్ 1948 నాటి జాతీయతా చట్టాన్ని 1949 జనవరి 1న, ఆస్ట్రేలియా తన చట్టాన్ని అదే నెల 26న అమలు చేశాయి. ఒకటిగా ఉన్న హోదా దేశాల వారీగా విడిపోయింది. అయితే మరో పౌరసత్వం తీసుకున్నంత మాత్రాన బ్రిటిష్ జాతీయత పోదని బ్రిటన్ చట్టం చెప్పడంతో ద్వంద్వ పౌరసత్వానికి దారి ఏర్పడింది.

చట్టం మారినా అనుభవం వెంటనే మారలేదు. బ్రిటిష్‌వారు పౌరసత్వం తీసుకోకుండానే ఆస్ట్రేలియాలో ఓటు వేయగలిగేవారు. 1984లో ఆ వెసులుబాటు ముగిసింది. ఆ ఏడాది జనవరి 25 నాటికే ఓటర్ల జాబితాలో ఉన్నవారికి మాత్రం హక్కు కొనసాగింది. కొత్తగా వచ్చినవారు ఇతర దేశాల వలసదారుల్లాగే పౌరసత్వం కోరవలసి వచ్చింది.

4. ఐరోపా దశ, దాని ముగింపు (1973–2020)

1973లో బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో స్పెయిన్, ఫ్రాన్స్, పోర్చుగల్, ఇటలీల్లో స్థిరపడే బ్రిటిష్‌వారు పెరిగారు. ఐరోపా పౌరసత్వం వల్ల నివాసం, ఉపాధి, స్థానిక ఎన్నికల్లో ఓటు సులభంగా దొరికాయి. స్థిరపడిన దేశపు పౌరసత్వం తీసుకోవలసిన ఒత్తిడి ఉండేది కాదు. 2016 జూన్ 23 జనాభిప్రాయ సేకరణలో 51.9 శాతం ఓట్లు ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగడానికి అనుకూలంగా వచ్చాయి. 2020 జనవరి 31న బ్రిటన్ వైదొలగింది. అదే సంవత్సరం డిసెంబర్ 31తో సంధికాలం కూడా ముగిసింది.

వలస రకాలు, అస్తిత్వ రూపాలు

స్థిరనివాస వలసలు: సామ్రాజ్యంలోని దేశాలకు, అమెరికాకు శాశ్వతంగా తరలివెళ్లిన కుటుంబాలు ఈ కోవలోకి వస్తాయి. వీరికి భాష, చట్టం, మతం, ఆటలు పరిచితమే. దీనివల్ల తేడాలు పైకి కనిపించవు. అమెరికాలోని ఇంగ్లిష్, స్కాటిష్ వలసదారుల ఉత్తరాలను పరిశీలించిన షార్లెట్ ఎరిక్సన్ తన 1972 గ్రంథంలో వీరిని ‘కనిపించని వలసదారులు’ అన్నారు. బయటికి కలిసిపోయినట్టు ఉన్నా ఒంటరితనం, ఇంటి బెంగ ఆ ఉత్తరాల్లో వ్యక్తమయ్యాయి.

సామ్రాజ్యం వెలుపలి సమాజాలు: అర్జెంటీనా దీనికి ప్రధాన ఉదాహరణ (చూ. ప్రాంతాల వారీ పరిశీలన).

ఉద్యోగ వలసలు: గల్ఫ్ దేశాలు, సింగపూర్, హాంకాంగ్ వంటి చోట్ల కొన్నేళ్లు పనిచేసేవారు వీరు. గల్ఫ్‌లో స్థానిక పౌరసత్వం దాదాపు అందుబాటులో ఉండదు. ఇరవై ఏళ్లున్నా చట్టరీత్యా అతిథులే కాబట్టి బ్రిటిష్ గుర్తింపు చెక్కుచెదరదు.

జీవనశైలి వలసలు: వెచ్చని వాతావరణం, తక్కువ ఖర్చు, ప్రశాంతమైన జీవితం కోరి, ఎక్కువగా పదవీ విరమణ తర్వాత జరిగే వలసలు ఇవి. మైకేలా బెన్సన్, కారెన్ ఓరైలీ ఈ పదాన్ని పరిశోధనలో స్థిరపరచారు.

బాలల వలస: 1869 నుంచి ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల వరకు పేద పిల్లలను, అనాథలను సేవాసంస్థలు కెనడాకు పంపాయి. వారి సంఖ్య లక్షకు పైనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా ఆస్ట్రేలియాకు పిల్లలను పంపారు. తల్లిదండ్రులు బతికే ఉన్నా లేరని చెప్పినందువల్ల చాలామందికి తమ కుటుంబం, పుట్టుక వివరాలు తెలియకుండా పోయాయి. వారికి అస్తిత్వమంటే ముందుగా తామెవరన్న ప్రశ్న. మార్గరెట్ హంఫ్రీస్ 1987లో స్థాపించిన చైల్డ్ మైగ్రెంట్స్ ట్రస్ట్ వారికి కుటుంబాలను వెతికిపెట్టే పని చేపట్టింది. ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్ 2009 నవంబర్‌లో, బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ 2010 ఫిబ్రవరిలో వారికి అధికారికంగా క్షమాపణ చెప్పారు.

ప్రాంతాల వారీ పరిశీలన

ఆస్ట్రేలియా: 1945లో రూపొందిన సహాయ ప్రయాణ పథకం 1982 వరకు కొనసాగింది. పెద్దలు 10 పౌండ్లు కడితే చాలు, పిల్లలకు ఛార్జీ లేదు. అందువల్ల వచ్చినవారికి ‘టెన్ పౌండ్ పామ్స్’ అనే పేరు స్థిరపడింది. పది లక్షలకు పైగా బ్రిటిష్‌వారు ఈ విధంగా చేరుకున్నారు. రెండేళ్లలోపు తిరిగి వెళ్తే ప్రభుత్వం భరించిన ఖర్చు చెల్లించాలన్న షరతు ఉండేది. అంతా ఇంటిలాగే ఉంటుందని ఊహించి వచ్చిన కుటుంబాలకు వలసదారుల శిబిరాల్లోని రేకుల గదులు, ఎండ, దూరం కొత్తదనాన్ని తెలియజేశాయి. ఇబ్బంది చెప్పుకుంటే ‘సణిగే పామ్’ అనే ముద్ర పడేది.

ఈ పథకం కింద వచ్చినవారి అనుభవాలను జేమ్స్ హామర్టన్, అలిస్టర్ థామ్సన్ 2005లో గ్రంథస్థం చేశారు. వారి ప్రకారం సుమారు నాలుగోవంతు మంది బ్రిటన్‌కు తిరిగి వెళ్లారు. అలా వెళ్లినవారిలో దాదాపు సగం మంది మళ్లీ ఆస్ట్రేలియా చేరారు. విడిచి వచ్చిన ఊరు తమ జ్ఞాపకంలో ఉన్నట్టు లేదని తెలిశాకే ఆస్ట్రేలియా తమ దేశమని నిశ్చయించుకున్నవారు వీరిలో ఉన్నారు. వేల్స్‌లోని బారీలో పుట్టి 1966లో కుటుంబంతో వచ్చిన జూలియా గిలార్డ్ 2010లో ప్రధాని అయ్యారు.

బ్రిటన్ పరాయి దేశమా అన్న ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్లింది. బ్రిటన్‌ను విదేశీ శక్తిగానే పరిగణించాలని ఆస్ట్రేలియా హైకోర్టు 1999లో సూ వర్సెస్ హిల్ కేసులో తీర్పు చెప్పింది. ద్వంద్వ పౌరులు పార్లమెంటుకు అనర్హులన్న రాజ్యాంగ నిబంధన 2017లో పలువురు సభ్యుల పదవులు పోవడానికి కారణమైంది. వంశపారంపర్యంగా సంక్రమించిన బ్రిటిష్ పౌరసత్వం ఉన్నవారూ వారిలో ఉన్నారు. 2021 జనగణనలో 33 శాతం మంది ఇంగ్లిష్ పూర్వికులను, 29.9 శాతం మంది ఆస్ట్రేలియన్ పూర్వికులను పేర్కొన్నారు. ఒకరు ఒకటికి మించి మూలాలు చెప్పుకొనే వీలుంది.

న్యూజిలాండ్: 1848లో స్కాట్లండ్ ఫ్రీ చర్చి అనుయాయులు స్థాపించిన డ్యునెడిన్ నగరానికి ఎడిన్‌బరో నగరపు గేలిక్ పేరు పెట్టారు. ఇక్కడ శాశ్వత నివాసులకు పౌరసత్వం లేకుండానే జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. అందువల్ల పౌరసత్వం మార్చుకోవడమన్నది తక్షణ అవసరంగా ఎదురవదు.

ఆఫ్రికా దక్షిణ భాగం: 1820లో దక్షిణాఫ్రికాలోని తూర్పు కేప్‌లో సుమారు 4,000 మంది బ్రిటిష్‌వారిని స్థిరపరచారు. ఆ దేశం గణతంత్రం కావాలా అన్నదానిపై 1960లో జరిగిన ఓటింగ్‌లో ఇంగ్లిష్ మాట్లాడే శ్వేతజాతీయులు ఎక్కువగా ఉన్న నటాల్ రాష్ట్రం వ్యతిరేకంగా నిలిచింది. రొడీషియాలో (నేటి జింబాబ్వే) 1965 నవంబర్ 11న ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించిన శ్వేతజాతి ప్రభుత్వం మొదట బ్రిటన్ రాణికి విధేయత చాటుకుంటూనే బ్రిటన్ ప్రభుత్వాన్ని ధిక్కరించింది. 1970లో గణతంత్రంగా ప్రకటించుకుంది. ఈ ప్రాంతాల్లో బ్రిటిష్ అస్తిత్వం జాతి ఆధిపత్యంతో ముడిపడి ఉండేది. నల్లజాతి మెజారిటీకి ఆ హోదాలో సమాన వాటా లేదు.

అర్జెంటీనా: రైల్వేలు, పశుపోషణ, బ్యాంకుల కోసం వచ్చిన బ్రిటిష్‌వారు బ్యూనస్ ఐరిస్‌లో సొంత బడులు, క్లబ్బులు, పత్రికలు ఏర్పరచుకున్నారు. 1876లో మొదలైన బ్యూనస్ ఐరిస్ హెరాల్డ్ పత్రిక 2017 వరకు వెలువడింది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం ఈ సమాజాన్ని రెండు దేశాల మధ్య నిలబెట్టింది. ‘ఇంగ్లిష్‌వారి గోపురం’గా పేరున్న గడియార స్తంభానికి ఆ తర్వాత పేరు మార్చారు.

ఇదే దేశంలోని పటగోనియాలో వెల్ష్ నివాసం మరో కథ. 1865లో మిమోసా అనే ఓడలో సుమారు 150 మంది వెల్ష్ ప్రజలు అక్కడ దిగారు. ఇంగ్లిష్ ప్రభావం నుంచి తమ భాషను, మతాచారాన్ని కాపాడుకోవడం వారి ఉద్దేశం. చుబుత్ లోయలో ఇప్పటికీ వెల్ష్ వినిపిస్తుంది. అయిస్తెద్‌ఫాద్ అనే కవితా, సంగీత ఉత్సవం జరుగుతుంది.

అమెరికా: ఇక్కడ పౌరసత్వ స్వీకారం పాత విధేయతను వదులుకుంటున్నట్టు ప్రమాణం చేయడంతో ముడిపడి ఉంది. ఎడిన్‌బరోలో పుట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1882లో, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1955లో అమెరికా పౌరులయ్యారు. దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడ నివసించిన చార్లీ చాప్లిన్ మాత్రం ఎన్నడూ ఆ పౌరసత్వం తీసుకోలేదు. 1952లో ఆయన దేశం వెలుపల ఉన్నప్పుడు తిరిగి వచ్చే అనుమతి రద్దయింది.

స్పెయిన్, ఐరోపా: కోస్టా డెల్ సోల్, అలికాంటే తీరాల్లో ఇంగ్లిష్ పత్రికలు, మద్యశాలలు, క్లబ్బులతో కూడిన సమాజాలు ఏర్పడ్డాయి. ఇక్కడివారు తమదైన చిన్న ఇంగ్లండ్‌ను నిర్మించుకున్నారన్న సాధారణ అభిప్రాయాన్ని కారెన్ ఓరైలీ 2000లో ప్రచురించిన అధ్యయనం సరిదిద్దింది. చాలామంది బ్రిటన్ జీవితాన్ని విమర్శిస్తూనే అక్కడి అలవాట్లను కొనసాగించారని, స్పెయిన్‌ను ఇష్టపడుతూనే అక్కడి సమాజానికి అంచున ఉండిపోయారని ఆమె చూపించారు.

2016 తర్వాత పౌరసత్వం కోసం దరఖాస్తులు పెరిగాయి. జర్మనీలో 2015లో 622 మంది బ్రిటిష్‌వారు పౌరులు కాగా, 2019లో ఆ సంఖ్య సుమారు 14,600. ఐరిష్ తాతయ్యో అమ్మమ్మో ఉన్నవారు ఐర్లండ్ పాస్‌పోర్టుకు ప్రయత్నించారు. ఫ్రాన్స్‌లో పురపాలక సభ్యులుగా ఉన్న ఏడు వందలకు పైగా బ్రిటిష్‌వారు ఫ్రెంచి పౌరసత్వం తీసుకుంటే తప్ప 2020 ఎన్నికల్లో పోటీ చేయలేని స్థితి ఏర్పడింది.

భారతదేశం: ఇక్కడికి వచ్చిన బ్రిటిష్‌వారిలో అధికభాగం ఉద్యోగులు, సైనికులే. పిల్లలను చదువుకు ఇంగ్లండ్ పంపడం, విరమణ తర్వాత తిరిగి వెళ్లడం ఆనవాయితీ. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో ఇంగ్లండ్‌లోని డోర్కింగ్‌లో మరణించారు. తెలుగు నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ పుట్టింది కలకత్తాలో, 1884లో కన్నుమూసింది లండన్‌లో. హైదరాబాద్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఖైరున్నీసాను వివాహమాడి స్థానిక జీవన విధానాన్ని స్వీకరించారు. అయినా వారి ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండ్ పంపారు. అక్కడ వారు క్రైస్తవ నామాలతో పెరిగారు. స్వాతంత్ర్యం తర్వాత దీనికి భిన్నమైన ఉదాహరణలు కనిపిస్తాయి. గిరిజన జీవితాలను అధ్యయనం చేసిన వెరియర్ ఎల్విన్ 1954లో, జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1961లో భారత పౌరులయ్యారు. భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు కాబట్టి, ఈ ఎంపికలో ఒకదాన్ని వదులుకోవలసి ఉంటుంది.

అస్తిత్వం రూపుదిద్దుకునే తీరు

దైనందిన సంకేతాలు: జాతీయ భావన జెండాలకు, ఉత్సవాలకు పరిమితం కాదని, రోజువారీ చిన్న విషయాల్లో అది నిరంతరం గుర్తుకొస్తుందని సామాజిక మనస్తత్వవేత్త మైకేల్ బిలిగ్ 1995లో వివరించారు. టీ రకం, రొట్టెపై పూసుకునే మార్మైట్ సీసా, ఫుట్‌బాల్ జట్టు, క్రిస్మస్ విందు వంటివి స్వదేశంలో గమనానికి రానంత సహజం. అవి దొరకని చోట అవే గుర్తింపు చిహ్నాలవుతాయి.

యాస: మాట్లాడిన వెంటనే మూలం తెలియజేసేది యాస. ఎన్నేళ్లున్నా స్థానికులు ‘ఎక్కడినుంచి వచ్చారు’ అని అడగడం, స్వదేశం వెళ్తే అక్కడివారు యాస మారిందనడం వలసదారుల కథనాల్లో తరచుగా కనిపిస్తుంది.

సంఘాలు: స్కాట్‌లకు సెయింట్ ఆండ్రూ సంఘాలు, కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే విందులు, ఇంగ్లిష్‌వారికి సెయింట్ జార్జ్ సంఘాలు ఉన్నాయి. న్యూయార్క్ సెయింట్ జార్జ్ సంఘం 1770 నాటిది. కష్టంలో ఉన్న స్వదేశీయులను ఆదుకోవడం దాని తొలి లక్ష్యం.

జాతి, వర్ణం: కుటుంబ మూలాలు కరీబియన్ దీవుల్లోనో దక్షిణాసియాలోనో ఉన్న బ్రిటిష్‌వారు విదేశంలో తాము బ్రిటిష్‌వారమని చెప్పినా ‘అసలు ఎక్కడివారు’ అన్న రెండో ప్రశ్న ఎదుర్కొంటారు. భారత పౌరసత్వం వదులుకొని బ్రిటిష్ పౌరులైన తెలుగువారు మరో దేశానికి తరలినప్పుడు వారి గుర్తింపులో మూడు పొరలు చేరతాయి.

తరాల మార్పు: 1983 జనవరి 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం విదేశంలో పుట్టి వంశపారంపర్యంగా బ్రిటిష్ పౌరసత్వం పొందినవారు, విదేశంలోనే పుట్టిన తమ పిల్లలకు సాధారణంగా దాన్ని అందించలేరు. అందువల్ల మూడో తరంలో పాస్‌పోర్టు బంధం తెగినా, ఇంటిపేర్లు, వంటలు, వంశవృక్షాల ద్వారా మూలాల ఆసక్తి నిలుస్తుంది.

స్వదేశంతో రాజకీయ బంధం

విదేశాల్లోని బ్రిటిష్ పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు 1985 చట్టంతో వచ్చింది. తొలి పరిమితి ఐదేళ్లు. తర్వాత అది 20 ఏళ్లకు పెరిగి, మళ్లీ 15 ఏళ్లకు తగ్గింది. ఇటలీలో స్థిరపడిన రెండో ప్రపంచ యుద్ధ సైనికుడు హారీ షిండ్లర్ ఈ పరిమితిపై న్యాయపోరాటం చేశారు. 2013లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానంలో ఆయనకు అనుకూల తీర్పు రాలేదు. 15 ఏళ్లు దాటినవారు 2016 జనాభిప్రాయ సేకరణలో ఓటు వేయలేకపోయారు, దాని ఫలితం మాత్రం ఐరోపాలోని వారి నివాస హక్కులను నేరుగా తాకింది. 2022 ఎన్నికల చట్టం పరిమితిని తొలగించగా, 2024 జనవరి 16 నుంచి అది అమలైంది. షిండ్లర్ 2023లో 101 ఏళ్ల వయసులో మరణించారు.

పింఛను మరో వివాదం. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో ఉన్నవారికి బ్రిటిష్ ప్రభుత్వ పింఛను ఏటా పెరగదు. అమెరికా, ఐరోపా సమాఖ్య దేశాల్లో ఉన్నవారికి పెరుగుతుంది. ద్వైపాక్షిక ఒప్పందాలు, చట్టాలు ఈ తేడాకు ఆధారం. ఈ విధానం వివక్ష కాదని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2010లో తీర్పు చెప్పింది. సామ్రాజ్య బంధంలో అతి సన్నిహితమైన దేశాల్లోనే పింఛను స్తంభించడాన్ని బాధితులు తమ విధేయతకు తగ్గ ఆదరణ లేకపోవడంగా చెబుతారు.

ప్రాముఖ్యత

వలసదారుల అస్తిత్వ అధ్యయనాలు చాలాకాలం పేద దేశాల నుంచి సంపన్న దేశాలకు వెళ్లేవారిపైనే దృష్టి పెట్టాయి. భాష, హోదా, పాస్‌పోర్టు బలం అనుకూలంగా ఉన్నవారికి కూడా సొంతదనం తనంతట తాను ఏర్పడదని బ్రిటిష్ ఉదాహరణ తెలియజేస్తుంది. సామ్రాజ్య కాలంలో చట్టం, మనసు, సమాజం ఒకే పేరు పలికినందువల్ల ప్రశ్న మరుగున ఉంది. 1949 తర్వాత ఆస్ట్రేలియాలోనూ, 2016 తర్వాత ఐరోపాలోనూ ఆ ఏకత్వం తొలగినప్పుడు, దశాబ్దాలుగా స్థిరపడినవారు కూడా తాము ఏ దేశస్థులమో దరఖాస్తు పత్రంలో రాసి తేల్చుకోవలసి వచ్చింది.

ఇవీ చూడండి: ఆంగ్లో ఇండియన్లు; ఆస్ట్రేలియా వలస చరిత్ర; కామన్వెల్త్; ద్వంద్వ పౌరసత్వం; బ్రెగ్జిట్; వెల్ష్ పటగోనియా.